ఊరి నోట ఊరి పేరు



ఈ సాయంత్రం మనల్ని ఈ సభలో కలిపిన మాస్టారు మాకు ఎనిమిదో తరగతిలో భూగోళం చెప్పేవారు. తరగతి గోడకు గుడ్డ అంటించిన జిల్లా పటం ఒకటి వేలాడుతుండేది. బడి తెరిచిన మొదటి వారంలోనే ఆయన మమ్మల్ని ఒక్కొక్కరిగా పటం దగ్గరికి పిలిచి “మీ ఊరు చూపించరా” అన్నారు. తాలూకా కేంద్రం పిల్లలు, రైలు స్టేషను ఉన్న ఊళ్ళ పిల్లలు గబగబా వేలు పెట్టి చూపించారు. మిగతావాళ్ళం వెతికి వెతికి తల వంచుకుని నిలబడ్డాం. మాది శివారు పల్లె, ముప్పై గడప. పటంలో దాని చోట ఉత్త కాగితమే ఉంది. మాస్టారు మందలించలేదు. “లేకపోతే మనమే రాద్దాం” అని ఠావు కాగితం తీసి మూడు గడులు గీశారు. మొదటి గడిలో ఊరి పేరు, రెండో గడిలో ఆ పేరు చెప్పినవాళ్ళెవరు, మూడో గడిలో తేదీ. నేను మా నాయనమ్మను అడిగి రాసుకుపోయాను. చెప్పినవాళ్ళు అన్నచోట ‘మా నాయనమ్మ’ అని రాశాను. మాస్టారు దాన్ని కొట్టేసి ఆవిడ అసలు పేరు, వయసు రాయించారు.

ఆ తర్వాత నా ఉద్యోగమంతా పటాల పనిలోనే గడిచింది. భౌగోళిక సమాచారం అని ఇవాళ పెద్ద పేరుతో పిలుస్తున్న పట్టికల్లో ఊరి పేరుదీ ఒక గడే. ఆ గడిని ఎలా నింపాలన్నది ఈ రోజు నా విషయం. నేను చెప్పదలుచుకున్నది చిన్న మాట. పేరు ఊరివాళ్ళ నోటి నుంచి ముందు తెలుగు లిపిలోకి రావాలి. అక్కణ్ణుంచి రోమన్ లిపిలోకి పోవాలి. చాలాచోట్ల ఇది తలకిందులుగా నడుస్తోంది.

పటాల పని కంప్యూటర్లకు మారిన తొలి రోజుల్లో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఊళ్ళ జాబితా తయారైంది. ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న పేర్లను సాఫ్ట్‌వేరుతో తెలుగులోకి మార్చి, సరిచూడమని నా బల్ల మీద పెట్టారు. మొదటి పేజీలోనే ‘గూటీ’ అని ఒక ఊరు. మన రాష్ట్రంలో ఈ ఊరెక్కడుందా అని అక్షాంశ రేఖాంశాలు చూస్తే అనంతపురం జిల్లా గుత్తి. కొండ మీద అంత కోట ఉన్న ఊరు, రైల్వే జంక్షను ఉన్న ఊరు, ఆ కాగితం మీద ‘గూటీ’ అయి కూర్చుంది. కింద ‘కుంబుం’. అది అప్పటి ప్రకాశం జిల్లా కంభం. ఆ పక్కన ‘చిట్టూర్’. అది ఏదో మీరే గ్రహించారు. వారం రోజులు ఎర్ర పెన్నుతో దిద్దాను. దిద్దుతున్నకొద్దీ నాకు అర్థమైందేమంటే, తప్పు సాఫ్ట్‌వేరుది మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. దానికిచ్చిన పేర్లలోనే అసలు పేరు లేదు.

ఎందుకు లేదో కొంచెం దగ్గరగా చూద్దాం. కంపెనీ కాలపు దొరలు మన ఊళ్ళ పేర్లను తమ చెవికి ఎలా వినబడితే అలా, ఇంగ్లిషు స్పెల్లింగు పద్ధతిలో రాసుకున్నారు. ఇంగ్లిషులో ‘బట్’ అన్న మాట యూ అక్షరంతో రాస్తారు కదా, అందుకని కంభంలో రెండు యూలు పడ్డాయి. కడపలోనూ అలాగే యూ పడింది. గుత్తిలో ఉకారానికి రెండు ఓలు. 1870ల్లో విలియం విల్సన్ హంటర్ ఈ గందరగోళాన్ని సర్దడానికి ఒక లిప్యంతరీకరణ పద్ధతి స్థిరపరిచాడు. అచ్చులకు ఒక క్రమం వచ్చింది. నేటికీ మన దేశ పటాలకు ఆ హంటర్ పద్ధతే ఆధారం. కానీ అప్పటికే బాగా వాడుకలో పడ్డ పేర్లను మార్చలేదు, అవి పాత స్పెల్లింగులోనే ఉండిపోయాయి. పైగా దీర్ఘానికి పెట్టవలసిన గీతలు పటాల్లో, టైపు మిషన్లలో, ఆ తర్వాత కంప్యూటర్లలో రాలిపోయాయి.

అలా రాలిపోయాక మిగిలేదేమిటి? చిత్తూరు రాస్తే రెండు టీలు, గుంటూరు రాస్తే ఒక టీ. చిత్తూరులో ఉన్నది త, గుంటూరులో ఉన్నది ట. రాసింది మాత్రం ఒకే అక్షరం. అద్దంకిలో ద, గుడివాడలో డ. రెంటికీ డీ అక్షరమే. తణుకులో ణకారం ఉందని ఆ రోమన్ అక్షరాలు చూసి చెప్పగలిగేవాడు పుట్టలేదు. పలాసలో దీర్ఘం లా మీద ఉందా పా మీద ఉందా? పలాసవాళ్ళకు తెలుసు, కాగితానికి తెలియదు. ఉయ్యూరును వీతో మొదలుపెట్టి రాస్తారు, ఒంటిమిట్టనూ అంతే. ఎర్రగొండపాలేనికి ముందు వై చేరుతుంది. మనం పలికేటప్పుడు మొదటి అచ్చుకు ముందు వకార యకారాలు లీలగా వినబడతాయి. గుమాస్తా దాన్ని నమ్మకంగా రాశాడు. యంత్రం దాన్ని తిరిగి తెలుగు చేస్తే ‘వుయ్యూరు’, ‘వొంటిమిట్ట’, ‘యెర్రగొండపాలెం’ అవుతాయి. సామర్లకోట సంగతి ఇంకా విచిత్రం. స్టేషను బోర్డు మీద తెలుగులో సామర్లకోట అనే ఉంటుంది. దాని ఇంగ్లిషు రాతలో రకారమే లేదు. రోమన్ పేరును పట్టుకుని ఎంత తెలివైన యంత్రం వెనక్కి నడిచినా ఆ రకారం దొరకదు.

తెలుగు నుంచి రోమన్‌కు పోయే దారిలో అక్షరాలు రాలిపోతాయి. వెనక్కి వచ్చేటప్పుడు వాటిని ఏరుకోవడం కుదరదు. అందుకే దారి ఒకవైపే ఉండాలి. తెలుగు పేరు పట్టికలో పదిలంగా ఉంటే రోమన్ రూపాన్ని ఎప్పుడైనా, ఏ పద్ధతిలోనైనా తయారు చేసుకోవచ్చు. చుక్కలు, గీతలతో త-ట, ద-డ, న-ణ తేడాలు చూపించే పద్ధతిని ఐక్యరాజ్యసమితి తెలుగుకు 1972లో ఆమోదించింది, 1977లో సవరించింది. మన పటాల మీద మాత్రం అది కనబడదు. 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 ప్రమాణం కూడా ఉంది. కావలసినవాళ్ళు ఏదైనా వాడుకోనివ్వండి. మూలం మాత్రం మన లిపిలో ఉండాలి.

ఇంత చెప్పాక తెలుగు లిపిలో రాస్తే చాలు, అంతా సవ్యంగా ఉంటుందని మీరనుకోవచ్చు. అలా ఉండదు. పాత రికార్డులో ‘చెఱువు’ అని బండి ఱతో ఉంటుంది, కొత్తదాంట్లో ‘చెరువు’. ఒక కాగితంలో పాళెం, ఇంకో కాగితంలో పాలెం. పల్లె అని ఊరు అంటుంది, పల్లి అని ఆఫీసు రాస్తుంది. డీటీపీ రోజుల్లో యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసిన జాబితాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిని మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. కంటికి కనబడని చిక్కు మరొకటి. మహబూబ్‌నగర్ అన్న పేరులో బకారం కింద నకారం ఒత్తుగా దిగిపోకుండా రెంటి మధ్య కనబడని ఒక విభజన అక్షరం ఉంచుతారు. ఒక జాబితాలో అది ఉండి ఇంకో జాబితాలో లేకపోతే కంప్యూటరుకు అవి రెండు వేరువేరు ఊళ్ళు. జనాభా ఒకచోట, బడి ఒకచోట, ఆసుపత్రి ఒకచోట చేరతాయి. అందుకే పేరుతో పాటు సంకేత సంఖ్య కూడా ఉండాలి. 2011 జనాభా లెక్కల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల కోడు ఉంది, పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ స్థానిక సంస్థల డైరెక్టరీలోనూ కోడు ఉంది. అంకెతో ఊళ్ళు కలుస్తాయి. పేరు మనుషుల కోసం.

ఒకే పేరున్న ఊళ్ళకు ఈ అంకె మరీ అవసరం. గూడూరునే తీసుకోండి. కృష్ణా జిల్లాలో గూడూరు మండలం ఉంది, కర్నూలు జిల్లాలో ఉంది, మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నెల్లూరు గూడూరు అని మనం పిలిచే పట్టణం ఉంది. మన జనం “ఏ గూడూరు? బందరు గూడూరా, నెల్లూరు గూడూరా?” అని అడిగి తేల్చుకుంటారు. పట్టికలో ‘నెల్లూరు జిల్లా’ అని రాసి వదిలేస్తే ఏమవుతుంది? 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆ గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. మహబూబాబాద్ గూడూరు 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. మాస్టారు మూడో గడిలో తేదీ ఎందుకు రాయించారో ఆ రెండు గూడూర్లు చూసి తెలుసుకున్నాను. పేరు, జిల్లా, మండలం, ఏదైనా సరే, ఏ తేదీ నాటిదో చెప్పకపోతే అది సగం సమాచారమే.

చోటు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఊరిని పటం మీద ఒక చుక్కగా పెట్టాలి. చాలా పట్టికల్లో రెవెన్యూ గ్రామపు హద్దులు తీసుకుని, వాటి నట్టనడుమ బిందువు లెక్కగట్టి అక్కడ చుక్క పెడతారు. హద్దుల నడిమధ్య ఉండేది పొలాలు, ఒక్కోసారి చెరువు. ఆ చుక్కను నమ్ముకుని బయల్దేరిన బండి చెరువు గట్టు మీద ఆగుతుంది. చుక్క ఉండవలసింది రచ్చబండ దగ్గర, బడి దగ్గర, నలుగురూ నిలబడే చోట.

ఇక రెండో గడికి వస్తాను. చెప్పినవాళ్ళు ఎవరు? నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే గడి ఇది.

ఊరివాళ్ళ నోటి పేరు రాయాలన్నాను. ఏ ఊరివాళ్ళ నోట? ఒక పల్లెను పక్క పెద్దూరువాళ్ళు ఒక పేరుతో పిలుస్తారు, ఆ పల్లెవాళ్ళు తమను తాము ఇంకో పేరుతో చెప్పుకుంటారు. సర్వేకు పోయినవాడు పెద్దూరులో దిగి, అక్కడి పెద్దమనిషి ఇంటి అరుగు మీద కూర్చుని చుట్టుపక్కల పేర్లన్నీ రాసుకుని వచ్చేస్తాడు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే చేశాను. ఆ పేర్లలో కొన్ని కులాన్ని తక్కువ చేసి పిలిచే పేర్లు. వాటిని అచ్చువేసిన పటం మీద తమ ఇంటి పక్కనే చూసుకున్న పిల్లవాడి మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఒక పల్లెలో ఒక యువకుడు నన్ను నిలదీశాడు. “సార్, ఈ పేరు మేము పెట్టుకున్నది కాదు. మా పెద్దలు పెట్టుకున్న పేరు వేరే ఉంది. అది మీరు అడగలేదు” అన్నాడు. నిజంగానే అడగలేదు. ఆ రోజు నుంచి పల్లెలో అడుగు పెట్టకుండా ఆ పల్లె పేరు రాయలేదు. కులం పేర్లతో ఉన్న వాడల పేర్లు మార్చాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో నిర్ణయం తీసుకుంది. ఆ పని మన దగ్గరా జరగాలి. పటం మీద కనబడే పేరు అక్కడ పొయ్యి వెలిగించుకునేవాళ్ళు ఒప్పుకున్నదై ఉండాలి. పాత పేరు చరిత్ర పరిశోధకుల కోసం వేరే గడిలో ఉంటే చాలు.

తండాలకు, గూడేలకు వెళితే భాష కూడా మారుతుంది. 2018లో తెలంగాణలో వెయ్యికి పైగా తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. అంతకుముందు వాటిలో చాలా వాటికి జాబితాలో సొంత వరసే లేదు, ఏదో ఊరికి శివారుగా ఉండేవి. అక్కడ పేరు లంబాడీ నోట వినాలి, తెలుగు గుమాస్తా నోట వింటే సరిపోదు. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండి నోట వినాలి. ఆదిలాబాద్ జిల్లాలోని గుంజాల అనే పల్లెలో దొరికిన రాతప్రతుల లిపికి ఆ ఊరి పేరే వచ్చింది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. కనుక ఇవాళ గుంజాల పేరును గుంజాల లిపిలోనే పట్టికలో నమోదు చేయవచ్చు. ఎంత మంచి విషయం!

ఒక చోటుకు ఎన్ని పేర్లున్నా అన్నిటికీ జాగా ఉంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వంటి ప్రజా పటంలో ప్రతి భాషకూ ఒక పేరు గడి, పాత పేరుకు ఒకటి, స్థానికంగా పిలిచే పేరుకు ఒకటి, అధికార నామానికి ఒకటి విడివిడిగా ఉన్నాయి. పుస్తకంలో ఒక పేరు రాయాలంటే ఇంకో పేరు కొట్టేయాలి, ఇక్కడ ఆ అవసరం లేదు. బందరు అన్నా మచిలీపట్నం అన్నా ఒకటే చోటు, ఓరుగల్లు అన్నా వరంగల్ అన్నా ఒకటే. పాలమూరు, ఇందూరు, కందనవోలు, ఆదవాని, బెజవాడ, ఇవన్నీ నోళ్ళలో బతికున్న పేర్లు. నిజామాబాద్ అని రాసి ఇందూరును చెరిపేస్తే ఆ పేరు పెట్టి వెతికే ముసలాయనకు తన ఊరు కనబడదు. పాత పేరును తీసేసి కొత్త పేరు పెట్టడం పటాల పనిలో నేను చూసిన తప్పులన్నిటిలోకీ పెద్దది. ప్రభుత్వాలు పేర్లు మారుస్తాయి, దానికి ఒక పద్ధతి ఉంది. 1953 నాటి కేంద్ర హోంశాఖ మార్గదర్శకాల ప్రకారం రైల్వే, తపాలా, సర్వే శాఖలు అభ్యంతరం లేదని చెప్పాక మార్పు వస్తుంది. వచ్చిన కొత్త పేరును తేదీతో సహా చేర్చండి. పాతదాన్ని మాత్రం చెరపకండి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో ఘంటసాలను చూస్తే తెలుస్తుంది. కృష్ణా జిల్లాలో ఉన్న ఆ ఊరిని గ్రీకు భూగోళవేత్త టాలెమీ రెండో శతాబ్దంలో ‘కంటకోసిల’ అనే వర్తక కేంద్రంగా నమోదు చేశాడు. నాగార్జునకొండ శాసనంలో ‘కంటకసేల’ అని ఉంది. ఎక్కడో అలెగ్జాండ్రియాలో కూర్చున్నవాడు తన చెవినబడ్డ పేరును అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి పెట్టాడు. ఇక్కడివాళ్ళు రాతి మీద చెక్కి పెట్టారు. రెండూ నిలిచాయి కనుకనే ఈ మూడు పేర్లూ ఒకే ఊరివని పండితులు తేల్చగలిగారు. ఒకటి చెరిగిపోయి ఉంటే ఆ గొలుసు తెగిపోయేది.

మనవాళ్ళకు ఈ పని కొత్తది కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. పటం గీసేవాడు అంగుళాలు, కోణాలతో ఆగకుండా ఊరి కథ కూడా రాయించాడు. అతని వెనక ఉన్నది మన ఏలూరు కావలి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు, తమ్ముడు లక్ష్మయ్య పని కొనసాగించాడు. వాళ్ళూ వాళ్ళ మనుషులూ ఊరూరా కరణాల దగ్గర కవిలెలు చూసి, పెద్దలను అడిగి రాయించినవే కైఫీయతులు. ఒక్కో కైఫీయతులో ఆ ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చిందో కూడా ఉంటుంది. కడప జిల్లా కైఫీయతులు ఇప్పుడు అచ్చులో దొరుకుతున్నాయి, దయచేసి చదవండి. అదే జిల్లా ఊళ్ళ పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డి గారు పరిశోధన చేసి ‘కడప ఊళ్ళ పేర్లు’ రాశారు. కథకుడిగా ఆయనను ఎరిగినవాళ్ళు ఎక్కువ, ఈ పుస్తకం ఎరిగినవాళ్ళు తక్కువ. ప్రతి జిల్లాకూ అలాంటి పుస్తకం రావాలి.

మన రెవెన్యూ రికార్డుల్లో బేచిరాక్ అనే మాట ఉంది. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే ఇల్లు లేని ఊరు బేచిరాక్ గ్రామం. మనుషులు లేరు, పేరు ఉంది, హద్దులున్నాయి, సర్వే నంబర్లున్నాయి. రాసిపెట్టారు కనుకే ఆ పేరు మిగిలింది. శ్రీశైలం, నాగార్జునసాగర్ నీళ్ళ కింద పోయిన ఊళ్ళ పేర్లు నిర్వాసితుల నోళ్ళలో ఇంకా ఉన్నాయి. ఆ మనుషులు ఎనభై దాటిపోతున్నారు. పోలవరం ముంపులో గూడేలు పోతున్నాయి. నీళ్ళ కింద ఉన్న ఊరికి కూడా పటంలో ఒక చుక్క, ఒక పేరు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఊళ్ళతోనే ఆగకండి. మా నాయనమ్మకు ప్రతి చేనుకూ పేరు తెలుసు. వామనచింత చేను, జోడుబావుల మడి, దొరువు కయ్య. మా పొలాన్ని నేను ఇవాళ సర్వే నంబరుతో చెబుతాను. ఆవిడ ఎప్పుడూ ఆ నంబరు అనలేదు. కుంటలు, వాగుల రేవులు, బండలు, దిబ్బలు, వీటిలో చాలా పేర్లు ఎక్కడా రాతలో లేవు. పోయినేడు మా ఊరెళ్ళి వాటిని రాద్దామని కూర్చుంటే, పెద్దవాళ్ళు చెప్పినవి ముప్పై నాలుగు. నలభై ఏళ్ళలోపు వాళ్ళు చెప్పగలిగినవి ఐదు. జోడుబావుల మడిలో బావులు పూడిపోయి చాలా కాలమైంది, పేరు వల్లనే అక్కడ రెండు బావులుండేవని తెలిసింది. ఆ ముప్పై నాలుగింటినీ ఫోనులో జీపీఎస్ చూసుకుంటూ ఒక్కొక్క చోటుకీ నడిచి, తెలుగులో రాసి, చెప్పినవాళ్ళ పేరు పెట్టి దాచాను.

సభ అయ్యాక గుమ్మం దగ్గర బల్ల మీద కాగితాలు పెట్టించాను. మాస్టారు గీసినట్టే మూడు గడులు గీసి ఉన్నాయి. తలా ఒకటి తీసుకెళ్ళండి. ఈ సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ పక్కన కూర్చుని మీ ఊరి పేరు, శివారు పల్లెల పేర్లు, చేలూ చెరువుల పేర్లు వాళ్ళు పలికినట్టే తెలుగులో రాయండి. చెప్పినవాళ్ళ పేరూ తేదీ వేయడం మరిచిపోవద్దు.